ఎగ్జిక్యూటరా, మామూలు స్టార్ డెస్ట్రాయరా: సామ్రాజ్యానికి ఏది మేలు?

స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ల సామ్రాజ్యం తరఫున డార్త్ వేడర్ ఎక్కి తిరిగే అంతరిక్ష యుద్ధనౌక ఎగ్జిక్యూటర్ పొడవు 19 కిలోమీటర్లు. దాని ముక్కు బెంజి సర్కిల్ మీద ఆనిస్తే తోక గన్నవరంలో తేలుతుంది. రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు అన్నీ ఆ నీడలోనే. పాత గైడు పుస్తకాల్లో దీన్ని 8 కిలోమీటర్లే అన్నారు, తర్వాత పెంచుకుంటూ పోయారు. ఆ సామ్రాజ్యం మామూలుగా వాడే యుద్ధనౌక స్టార్ డెస్ట్రాయర్ 1.6 కిలోమీటర్లు, అంటే ప్రకాశం బ్యారేజీ కంటే కాస్త పొడుగు. చిన్నదేం కాదు. ఎగ్జిక్యూటర్ పక్కన నిలబెట్టినప్పుడే చిన్నగా కనిపిస్తుంది.

మా పెదనాన్నగారబ్బాయి ఎగ్జిక్యూటర్ పార్టీ. బెజవాడలో మేమిద్దరం ఎప్పుడు కలిసినా ఈ గొడవ రావాల్సిందే. "సైజు చూసే సగం మంది చేతులెత్తేస్తారు కదరా, ఇక కాల్చే పనేముంది?" అంటాడు. ఆ మాటలో పస ఉంది. 1980లో వచ్చిన రెండో సినిమాలో ఈ ఓడను మనకు చూపించే తీరే అది. ముందు ఒక స్టార్ డెస్ట్రాయర్ కనిపిస్తుంది, దాని మీద నీడ పడుతుంది, ఆ నీడ ఎక్కడిదా అని చూస్తే పైన ఎగ్జిక్యూటర్. తమ పక్షం ఓడే భయపడేలా ఉంటుంది! భయపెట్టి పాలించాలన్నది ఆ సామ్రాజ్యం మొదటి నుంచీ నమ్మిన సూత్రం కాబట్టి, ఆ లెక్కన ఇది సరైన ఓడే. భయం వరకు ఎగ్జిక్యూటర్‌కే నా ఓటు కూడా.

పని సంగతికొస్తేనే తేడా. ఆ సినిమా అంతటా ఎగ్జిక్యూటర్ చేసిన పని ఒకే ఒక చిన్న ఓడను, హీరోలు తిరిగే మిలీనియం ఫాల్కన్‌ను, తరమడం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. పోనీ పట్టుకుందా అంటే అదీ లేదు. సామ్రాజ్యం మీద తిరగబడ్డవాళ్ల స్థావరం ఉన్న హోత్ గ్రహానికి మరీ దగ్గరగా వచ్చి బయటపడటంతో ఆ తిరుగుబాటుదారులు ముందే పసిగట్టి రక్షణ కవచం వేసుకున్నారు. ఆ తప్పుకి అడ్మిరల్ ఓజెల్‌ను వేడర్ తన అతీత శక్తితో స్క్రీన్ మీద నుంచే గొంతు నొక్కి చంపి, పక్కనున్న కెప్టెన్ పియెట్‌కి అక్కడికక్కడే ప్రమోషన్ ఇచ్చాడు. పియెట్ ముఖంలో ఆ సంతోషం, ఆ టెన్షన్ చూడాల్సిందే. తర్వాత గ్రహశకలాల గుంపులో వెతుకులాట. మధ్యలో చక్రవర్తి నుంచి పిలుపు వస్తే, సిగ్నల్ సరిగ్గా అందాలని ఓడను ఆ గుంపులోంచి బయటికి తీయించాల్సి వచ్చింది. చివరికి వేడర్ కిరాయి వేటగాళ్లను పిలిపించుకున్నాడు. ఫాల్కన్ జాడ పట్టింది కూడా వాళ్లలో ఒకడైన బోబా ఫెట్, తన చిన్న ఓడలో.

ఇక్కడ మా అన్నయ్య ఊరుకోడు. "మరి ఫాల్కన్ దాక్కున్నది ఎవరి వీపు మీదరా?" అని అడుగుతాడు. నిజమే, అది అవెంజర్ అనే స్టార్ డెస్ట్రాయర్ వీపునే అతుక్కుని కూర్చుంది. వీపు మీద ఏముందో అవెంజర్ చూసుకోలేకపోయింది. చెత్త బయటికి పారబోసినప్పుడు ఫాల్కన్ ఆ చెత్తతో పాటే జారుకుంది. అవెంజర్ కెప్టెన్ నీడా క్షమాపణ చెప్పడానికి వేడర్ దగ్గరికి వెళ్లి శవమయ్యాడు. ఈ రౌండు అన్నయ్యదే.

అయినా నా మొగ్గు స్టార్ డెస్ట్రాయర్ వైపే. కారణం 1983 సినిమాలో ఎండార్ దగ్గర జరిగిన యుద్ధం. తిరుగుబాటుదారుల అడ్మిరల్ అక్బార్ కాల్పులన్నీ ఎగ్జిక్యూటర్ మీదే పెట్టించాడు. కమాండ్ బ్రిడ్జి కవచం పోయింది. అదుపు తప్పిన ఎ-వింగ్ ఫైటర్ ఒకటి, పది మీటర్లు కూడా ఉండదు, నేరుగా బ్రిడ్జి అద్దాల్లోకి దూసుకుపోయింది. అంతే, 19 కిలోమీటర్ల ఓడ తల వాల్చి సామ్రాజ్యపు గోళాకార ఆయుధ స్థావరమైన రెండో డెత్ స్టార్ మీద పడి పేలిపోయింది. బ్రిడ్జి పోతే ఓడను నడిపేవాళ్లు ఇంకెక్కడా లేరా? ఉన్నా, డెత్ స్టార్ ఆకర్షణలోంచి లాగేంత సమయం దొరకలేదు. స్టార్ డెస్ట్రాయర్‌కీ అలాంటి బ్రిడ్జే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది పోతే ఒక ఓడ పోతుంది. ఎగ్జిక్యూటర్ పోతే దళం మొత్తానికి ఆజ్ఞలిచ్చే అడ్మిరల్ పోతాడు.

ఇది సినిమా వాళ్ల అతి అనుకోవద్దు. జర్మన్ అడ్మిరల్ లూట్యెన్స్ ఉన్న బిస్మార్క్ యుద్ధనౌకకు 1941 మే 26న జరిగిందీ ఇలాంటిదే. గుడ్డ తొడిగిన రెక్కలతో ఎగిరే బ్రిటిష్ స్వార్డ్‌ఫిష్ విమానం వేసిన టార్పెడో దాని చుక్కానిని బిగుసుకుపోయేలా చేసింది. ఓడ అనుకున్న దారిలో వెళ్లలేకపోయింది, మర్నాడే మునిగింది.

డెత్ స్టార్ సంగతి కూడా అడుగుతారు. 160 కిలోమీటర్ల వ్యాసం ఉన్న దాన్ని ఓడ అనలేం, పైగా రెండు మీటర్ల గొట్టంలోకి కొట్టిన టార్పెడోలకే మొదటిది పేలింది. వదిలేద్దాం.

కాబట్టి నేనే ఆ చక్రవర్తినైతే ఎగ్జిక్యూటర్‌ను రాజధాని కొరుస్కాంట్ పైన నిలబెట్టి జనానికి చూపిస్తాను, సరిహద్దులకు మాత్రం స్టార్ డెస్ట్రాయర్లను గుంపులుగా పంపుతాను, అడ్మిరల్ వాటిలో దేంట్లో ఉన్నాడో ఎవరికీ తెలియనివ్వను.

బొమ్మగా కొనుక్కోవాలంటే లెక్క మారుతుంది. లెగో వాళ్లు 2011లో తెచ్చిన ఎగ్జిక్యూటర్‌కి 3,152 ముక్కలు, 2019 స్టార్ డెస్ట్రాయర్‌కి 4,784. రెండూ ఇప్పుడు కొత్తవి తయారు కావట్లేదు. మొదటిది నాలుగడుగుల పైనే ఉంటుంది. అద్దె ఇంట్లో ఆ పొడవుకి షెల్ఫ్ దొరకదు కాబట్టి 2023లో వచ్చిన 630 ముక్కల బుల్లి ఎగ్జిక్యూటర్ చాలు. టీవీ పక్కన కూడా పట్టేస్తుంది.