కైలీన్ విస్కీనా, విన్సెంట్ నమట్జిరానా: ఎవరి బొమ్మలు ముందు చూడాలి?

ఆస్ట్రేలియాలో ఉంటున్న మనవాళ్లు ఈ మధ్య ఇదే పదేపదే అడుగుతున్నారు. ఇద్దరూ ఆదివాసీ చిత్రకారులే, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ఇండుల్కనాలో, ఇవాంట్జా ఆర్ట్స్ అనే ఒకే కేంద్రంలో బొమ్మలు వేస్తారు కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

విన్సెంట్ బలం ముఖాలు. ఎలిజబెత్ రాణినీ, చార్లెస్‌నీ తీసుకొచ్చి ఎడారిలో నిలబెడతాడు, పక్కన తనూ నిలబడతాడు, వెనక కొండలు మాత్రం ముత్తాత ఆల్బర్ట్ నమట్జిరా నీటిరంగుల్లో వేసినవాటిని గుర్తుచేస్తాయి. 2020లో, ఫుట్‌బాల్ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌తో తను ఉన్న బొమ్మకు ముఖచిత్రాలకు ఇచ్చే ఆర్చిబాల్డ్ ప్రైజ్ వచ్చింది. 1921 నుంచి ఇస్తున్న ఆ ప్రైజ్ ఒక ఆదివాసీ చిత్రకారుడికి దక్కడం అదే మొదటిసారి. ఈ నేల ఎవరిదన్న ప్రశ్న ఆయన బొమ్మల్లో సూటిగా తగులుతుంది.

అయినా నా ఓటు కైలీన్‌కే. నేను చూసేది ఒక్కటే: బయటి నుంచి వచ్చిన పాత్ర ఆ ఊరి మనిషిగా మారిందా, లేక చుట్టమై పక్కన నిలబడిపోయిందా? విన్సెంట్ బొమ్మలో రాణి రాణిగానే ఉంటుంది, ఆయనకు కావలసిందీ అదే. కైలీన్ దగ్గర గాయనులు డాలీ పార్టన్, టీనా టర్నర్, కామిక్స్ హీరోయిన్ వండర్ వుమన్ ఇండుల్కనాకు వచ్చి ఆడవాళ్లతో కలిసి మింకుల్పా, అంటే అక్కడి అడవి పొగాకు, కోసుకుంటారు, పాడతారు, అక్కడి ఆదివాసీలు చెప్పుకునే ఏడుగురు అక్కచెల్లెళ్ల కథలో అక్కచెల్లెళ్లే అయిపోతారు. ఆ ఏడుగురూ న్యీరు అనే మగవాడి నుంచి తప్పించుకుంటూ దేశమంతా తిరిగి చివరికి ఆకాశంలో చుక్కలవుతారు. ఆ చుక్కలే మన కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అంటామే, అవి. ఇది తెలిశాక ఆమె బొమ్మ నాకు ఇంకా దగ్గరైంది. ఆమె కుంచెతో పెట్టే రంగు చుక్కల డిజైన్ కూడా ఏదో అంచుకు అలంకారంగా కాకుండా నేలా బట్టలూ అన్నిటినీ ఒకే లోకంగా కలిపేస్తుంది. 2018లో ఆస్ట్రేలియా చిత్రకళా బహుమతి సల్మన్ ప్రైజ్ వచ్చింది ఈమెకే.

మార్వెల్ కామిక్స్ హీరోలను సాలిష్ గీతల్లో, అంటే అమెరికా వాయవ్య తీరపు ఆదివాసీల శైలిలో, వేసిన అమెరికా చిత్రకారుడు జెఫ్రీ వెరెగీ గురించి కూడా అడుగుతున్నారు. గీత చాలా శుభ్రంగా ఉంటుంది, కామిక్స్ ఇష్టమైతే తప్పకుండా చూడండి.

కైలీన్ బొమ్మను ఫోన్‌లో చూస్తే మాత్రం సగం కూడా అందదు, చుక్కలన్నీ కలిసిపోతాయి. ఆమె పాత రోడ్డు బోర్డుల మీద వేసినవీ ఉన్నాయి. మీ ఊరి గ్యాలరీకి అలాంటిది వస్తే దానితోనే మొదలుపెట్టండి.