మడత చాకు పిడి: ఎముకా, కొమ్మా, మైకార్టానా?

తాళం లేకుండా స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలిచే పాతకాలపు మడత చాకుల గురించి మాట వస్తే అందరూ ఉక్కు గురించే మాట్లాడతారు. ఏళ్ల తరబడి వాడితే ముందు చెడేది చాలాసార్లు పిడి. ఎముక, కొమ్ము, చెక్క, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్), డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్), మైకార్టా (గట్టిపడే రెసిన్‌లో నొక్కిన గుడ్డ) పిడులన్నీ జేబులో అరిగాక రాస్తున్న మాటలివి. సహజమైనదా, కృత్రిమమైనదా అన్నది అసలు తేడా కాదు. అది ఎంత తడి పీలుస్తుంది, పిడిని బిగించే పిన్ను దగ్గర ఎంత ఓర్చుకుంటుంది అన్నదే చూడాలి.

గాట్లు పెట్టి రంగు అద్దిన ఎముక చేతికి హాయిగా ఉంటుంది, అరిగేకొద్దీ నునుపు తేలి ఇంకా బాగుంటుంది. దాని జబ్బు పిన్ను దగ్గర మొదలవుతుంది. పిన్ను తలను సుత్తితో కొట్టి పరిచినప్పుడు అది రంధ్రంలో లావెక్కి మేకులా ఒత్తుతుంది. పొడి గాలికి ఎముక కుంచించుకోగానే ఆ ఒత్తిడి నుంచి పొడుగునా వెంట్రుకవాసి పగులు పాకుతుంది. గోటితో అడ్డంగా గీసి చూడండి. గోరు పగుల్లో చిక్కుకోకపోతే వదిలేయండి. చిక్కుకుంటే పల్చటి సూపర్ గ్లూ ఒక్క చుక్క సూది మొనతో పెట్టండి, పగులే దాన్ని లోపలికి లాక్కుంటుంది. పైన మిగిలింది వెంటనే తుడవకపోతే తెల్ల మచ్చ పడుతుంది. వేడి నీళ్లలో నానబెట్టడం, గిన్నెలు తోమే యంత్రంలో వేయడం ఎముకకు చావుదెబ్బ. నిమ్మరసం కూడా తుడవకుండా ఉంచొద్దు, పులుపు ఎముకలోని కాల్షియాన్ని తినేస్తుంది.

జింక కొమ్ము పిడికి పట్టులో సాటి లేదు. భారత్ నుంచి కణుజు కొమ్ము ఎగుమతి ఆగిపోయాక ఎక్కువగా ఎల్క్ (ఒక పెద్ద జింక) కొమ్ము వాడుతున్నారు. అందులో బెండు ఎక్కువ. పలక (పిడికి ఇరుపక్కలా బిగించే ముక్క) అంచున సందుల సందులుగా కనిపిస్తే అక్కడ చెమట, మురికి దిగుతాయని అర్థం. గేదె కొమ్ము నిగనిగలాడుతుంది గానీ, వేడికి మెత్తబడి వంగుతుంది, ఆరితే పొరలు విడుస్తుంది. పైగా పురుగు తింటుంది. పెట్టెలో పెట్టి మరిచిపోతే సన్నటి గుంటలు పడి ఉంటాయి.

చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులోనే ఉబ్బుతుంది, తగ్గుతుంది. అందుకే వానాకాలంలో పలక అంచు దాని కిందున్న ఇత్తడి రేకు కంటే కొంచెం పైకి తగులుతుంది. పిడి అంతా ఒకే చెక్కయిన ఒపినెల్ (ఫ్రాన్స్ మడత చాకు) లాంటి వాటిలో ఇది బాగా తెలుస్తుంది. నీళ్లలో తడిస్తే కీలు దగ్గర చెక్క ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. ఒపినెల్‌కు 1955లో చేర్చిన తాళపు రింగును తిప్పి విడిపించి, పిడి వెనక కొసను గట్టి చెక్క మీద తడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది. రెండు రోజులు నీడన ఆరబెట్టి, గాడి లోపల సన్న ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె పల్చగా పూసి తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేయొద్దు, తనంతట తానే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, పరిచి ఆరనివ్వండి.

కృత్రిమమైతే భయం లేదనుకునేవాళ్లు పాత సెల్యులాయిడ్‌ను చూడాలి. రంగుల్లో దానంత అందమైంది లేదు. వయసు మీరితే మాత్రం కుళ్లి, ఆమ్లపు ఆవిరి వదిలి, పక్కనున్న ఉక్కును తుప్పు పట్టిస్తుంది. కర్పూరం వాసన గుప్పుమంటున్నా, పలకలో స్ఫటికాల్లా పగుళ్లు కనిపించినా ఆ చాకును మిగతా వాటి నుంచి వేరు చేసి, గాలి ఆడేచోట ఉంచండి. నిప్పు దగ్గరికి అసలు పోనివ్వొద్దు.

డెల్రిన్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎముకలా గాట్లు పెట్టి అమ్ముతారు కాబట్టి భూతద్దంతో పలక అంచు చూడండి. ఎముకైతే చీమ కుట్టినట్టు సన్నటి నల్ల చుక్కలుంటాయి, డెల్రిన్ అయితే ఒకే ముద్దలా ఉంటుంది. రాతి మీద పడినా పగలదు, నీళ్లు పీల్చదు. దీనికి జిగురు సరిగా పట్టదు, పిన్నులే ఆధారం. 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది గనక మెరుగు చక్రం మీద గట్టిగా నొక్కితే జిడ్డులా పూసుకుపోతుంది. నున్నగా చేసిన డెల్రిన్ తడి చేతిలో జారుతుంది.

రోజూ చేపలు, పళ్లు, తడి పనులుంటే నా ఓటు కాన్వాస్ మైకార్టాకే. 1910 ప్రాంతంలో అమెరికా విద్యుత్ పరికరాల కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్లు కరెంటు పారనివ్వని ఇన్సులేటర్‌గా తెచ్చిన ఈ సరుకు గుడ్డ పొరలను ఫినాల్ రెసిన్‌లో నొక్కి చేసింది. మెరుగు పెట్టనిదైతే తడిసినప్పుడు పైనున్న పోగులు లేచి పట్టు పెరుగుతుంది. చేతి జిడ్డుకి నల్లబడితే గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. గాజు గుడ్డను రెసిన్‌లో నొక్కి చేసే జీ-10 ఇంకా గట్టిది, కానీ గరుకుగా వదిలిన పలక జేబు అంచును ఆర్నెల్లలో చింపేస్తుంది. ఈ రెండింటినీ రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. జీ-10 ధూళి అంటే సన్న గాజే, తడిపి రుద్దితే గాల్లోకి లేవదు.

పిడి ఏదైనా, కడిగాక బ్లేడు సగం తెరిచి కీలు కిందికి ఉండేలా ఆరబెట్టి, ఆరాక అక్కడ ఒక్క చుక్క మినరల్ ఆయిల్ వేయండి. వంటనూనె వేస్తే నెలలో బంకగా మారి స్ప్రింగు కదలనంటుంది.