గెట్‌యాడర్‌ఇన్ఫో: ఏళ్ల తరబడి వాడినవాడి సమీక్ష

సీ భాషలో నెట్‌వర్క్ ప్రోగ్రామ్ మొదలుపెట్టగానే ఎదురయ్యే పని ఇది. చేతిలో హోస్ట్ పేరు ఉంటుంది, కనెక్ట్ కావాలంటే ఐపీ అడ్రస్ కావాలి. ఆ పనికి ఇవాళ అందరూ వాడాల్సిన ఫంక్షన్ గెట్‌యాడర్‌ఇన్ఫో. ఫ్యాక్టరీల్లో చిన్న లైనక్స్ బాక్సుల మీద నడిచే ఒక డీమన్‌ని (వెనకాల నడుస్తూనే ఉండే ప్రోగ్రామ్) నేను చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. మీటర్ల రీడింగులు సేకరించి హైదరాబాద్‌లోని సర్వర్‌కి పంపడం దాని పని. అక్కడి నెట్‌వర్క్‌లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. కనెక్షన్ తెగుతూనే ఉంటుంది, డీమన్ మళ్లీ మళ్లీ పేరు వెతుకుతూనే ఉంటుంది. అందుకని ఈ ఫంక్షన్ మంచీ చెడూ రెండూ బాగానే తెలిసొచ్చాయి. ఇంటర్‌ఫేస్‌కి మంచి మార్కులే వేస్తాను. జవాబు కోసం మనల్ని ఎంతసేపు కూర్చోబెడుతుందన్న దగ్గర మాత్రం పాస్ మార్కులు కూడా పడవు.

దీనికంటే ముందు ఉన్నది గెట్‌హోస్ట్‌బైనేమ్. 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చింది. ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లలు ఇప్పటికీ దీన్నే బోర్డు మీద రాస్తారు. ఇది ఒక స్టాటిక్ స్ట్రక్చర్‌కి పాయింటర్ ఇస్తుంది. రెండోసారి పిలిస్తే మొదటి జవాబు చెరిగిపోతుంది, రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే ఎవరి అడ్రస్ ఎవరికి వెళ్తుందో చెప్పలేం. తప్పు జరిగితే ఎర్రర్ కోడ్ మామూలుగా ఉండే ఎర్రనోలో వెతికి లాభం లేదు, హెచ్_ఎర్రనో అని వేరే చోట పెడుతుంది. కొత్త తరం అడ్రస్‌లైన ఐపీవీ6 దానికి తెలియదు. యూనిక్స్ ప్రమాణమైన పోసిక్స్ 2001లో దీన్ని కాలం చెల్లినదని ప్రకటించి, 2008లో తీసేసింది. చివర అండర్‌స్కోర్ ఆర్ తగిలించిన జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) వెర్షన్ థ్రెడ్ల సమస్య తీరుస్తుంది గానీ, బఫర్ ఎంత ఇవ్వాలో మనమే ఊహించాలి. చాలకపోతే ఈరేంజ్ అంటుంది, పెంచి మళ్లీ పిలవాలి. కొత్త కోడ్‌లో ఈ కుటుంబాన్ని వాడటానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు.

గెట్‌యాడర్‌ఇన్ఫో 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2133 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో కనిపించింది. ఇప్పుడు వాడుతున్న రూపం 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3493లోది. నాలుగు ఆర్గ్యుమెంట్లు: హోస్ట్ పేరు, సర్వీస్ పేరు, ఎలాంటి అడ్రస్ కావాలో చెప్పే హింట్స్, ఫలితం పెట్టడానికి పాయింటర్. జవాబు లింక్డ్ లిస్ట్‌గా వస్తుంది. ఒక్కో నోడ్‌లో ఫ్యామిలీ, సాకెట్ టైప్, ప్రోటోకాల్, అడ్రస్, దాని పొడవు సిద్ధంగా ఉంటాయి. వాటిని తీసుకెళ్లి సాకెట్‌కి, కనెక్ట్‌కి అలాగే ఇచ్చేయడమే. ఐపీవీ4 అయినా ఐపీవీ6 అయినా మన కోడ్ ఒక్కటే. ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో మొబైల్ ఇంటర్నెట్ చాలావరకు ఐపీవీ6 మీదే నడుస్తోంది. మా బాక్సులకి 4జీ డాంగిల్ తగిలించే రోజులు వచ్చినప్పుడు ఈ భాగంలో ఒక్క లైను కూడా మార్చాల్సిన అవసరం పడలేదు.

హింట్స్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ముందు మెమ్‌సెట్‌తో మొత్తం సున్నా చెయ్యాలి. ఆ తర్వాత ఫ్యామిలీకి ఏఎఫ్_అన్‌స్పెక్ (ఐపీవీ4, ఐపీవీ6 ఏదైనా సరే), సాకెట్ టైప్‌కి సాక్_స్ట్రీమ్ (టీసీపీ). సాకెట్ టైప్ సున్నాగా వదిలేస్తే జీలిబ్‌సీలో ఒకే అడ్రస్ మూడుసార్లు వస్తుంది: స్ట్రీమ్‌కి ఒకటి, డేటాగ్రామ్‌కి ఒకటి, రా సాకెట్‌కి ఒకటి. 'మా సర్వర్‌కి ఉన్నది ఒక్క ఐపీ, మూడెందుకు చూపిస్తోంది?' అని అడిగే ప్రతి జూనియర్‌కీ జవాబు ఇదే. సర్వీస్ దగ్గర 'హెచ్‌టీటీపీఎస్' అని పేరు రాయడం ముచ్చటగానే ఉంటుంది, కానీ అది ఈటీసీలోని సర్వీసెస్ ఫైల్‌లో వెతుకుతుంది. చిన్న కంటైనర్ ఇమేజ్‌లో ఆ ఫైలే ఉండకపోవచ్చు, అప్పుడు ఈఏఐ_సర్వీస్ వచ్చి పడుతుంది. '443' అని అంకెలే ఇచ్చి, ఏఐ_న్యూమరిక్‌సర్వ్ ఫ్లాగ్ పెట్టేస్తే గొడవ ఉండదు.

ఎర్రర్ల విషయంలో నాకు నచ్చింది, తప్పు కోడ్ రిటర్న్ విలువలోనే రావడం. జీఏఐ_స్ట్రెర్రర్‌కి ఇస్తే చదవగలిగే వాక్యం ఇస్తుంది. ఇక్కడ పీఎర్రర్ పిలిస్తే 'సక్సెస్' అని ప్రింటయి, లాగ్ చదివేవాడికి పిచ్చెక్కుతుంది. ఈఏఐ_సిస్టమ్ వచ్చినప్పుడు మాత్రమే ఎర్రనో చూడాలి. రెండు కోడ్‌ల మధ్య తేడా తెలుసుకుంటే సగం సపోర్ట్ కాల్స్ తగ్గుతాయి. ఈఏఐ_నోనేమ్ అంటే అలాంటి పేరు లేదని జవాబు వచ్చింది. ఈఏఐ_అగైన్ అంటే జవాబే రాలేదు, కాసేపాగి మళ్లీ అడగొచ్చు. మొదటిదానికి ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి ఫోన్ చేస్తాం, రెండోదానికి నెట్‌వర్క్ వాళ్లకి.

ఇక అసలు కథ. ఈ నాలుగు ఆర్గ్యుమెంట్లలో టైమౌట్ అన్నది లేదు. పిలిచాక అది ఎప్పుడు తిరిగొస్తుందన్నది మన చేతిలో ఉండదు, పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్లు (నేమ్‌సర్వర్లు) ఏవో రాసి ఉండే ఆ యంత్రంలోని రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్ చేతిలో ఉంటుంది. జీలిబ్‌సీలో ఒక్కో నేమ్‌సర్వర్‌కి 5 సెకన్ల నిరీక్షణ, మొత్తం 2 ప్రయత్నాలు. ఫైల్‌లో రెండు నేమ్‌సర్వర్లు ఉండి రెండూ మూగవైతే దాదాపు 20 సెకన్లు పోతాయి. సెర్చ్ లైనులో, పేరు చివర తగిలించి చూడాల్సిన డొమైన్లు ఉంటే అది ఇంకా పెరుగుతుంది. ఈవెంట్ లూప్ మధ్యలో దీన్ని పిలిచిన ప్రోగ్రామ్ అంతసేపూ ఏ సాకెట్‌నీ చదవదు, ఏ టైమర్‌నీ కదిలించదు. వాచ్‌డాగ్ ఉంటే ప్రోగ్రామ్ చచ్చిపోయిందనుకుని దాన్ని చంపేస్తుంది.

ఒక ఫ్యాక్టరీలో డీమన్ మొదలైన ప్రతిసారీ మొదటి కనెక్షన్ సరిగ్గా 5 సెకన్లు ఆలస్యమయ్యేది. డిగ్ కమాండ్‌తో అదే పేరు అడిగితే క్షణంలో జవాబు. అక్కడి ఐటీ ఆయన 'డీఎన్‌ఎస్ బాగానే ఉంది సార్, మీ సాఫ్ట్‌వేరే స్లో' అని తేల్చేశాడు. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే స్ట్రేస్ పెట్టి చూస్తే సంగతి తెలిసింది. జీలిబ్‌సీ 2.9 నుంచి ఐపీవీ4 ప్రశ్న, ఐపీవీ6 ప్రశ్న రెండూ ఒకే సాకెట్ మీంచి వెంటవెంటనే వెళ్తాయి. స్ట్రేస్‌లో రెండు ప్రశ్నలూ వెళ్లడం కనిపిస్తోంది, ఒక జవాబు వచ్చింది, తర్వాత జవాబు కోసం ఎదురుచూసే పోల్ కాల్ 5000 మిల్లీసెకన్లు ఖాళీగా కూర్చుంది. రెండో జవాబుని మధ్యలో ఉన్న రౌటర్ మింగేస్తోంది. టైమౌట్ అయ్యాక జీలిబ్‌సీ తనంతట తానే ఒకదాని తర్వాత ఒకటి అడిగే పద్ధతికి మారుతుంది. అందుకే రీస్టార్ట్ తర్వాత మొదటిసారే ఆలస్యం, ఆ తర్వాత అంతా మామూలే. రిజాల్వ్.కాన్ఫ్‌లో సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్ అన్న ఆప్షన్ పెట్టగానే పోయింది. ఎక్కడైనా కచ్చితంగా 5 సెకన్ల ఆలస్యం కనిపిస్తే నా మొదటి అనుమానం ఇప్పటికీ దీని మీదే.

డిగ్, ఎన్‌ఎస్‌లుకప్ లాంటివి నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతాయి. హోస్ట్స్ ఫైల్‌నీ, పేర్లు ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్‌నీ అవి పట్టించుకోవు. మన ప్రోగ్రామ్‌కి ఏం దొరుకుతుందో చూడాలంటే గెటెంట్ ఏహోస్ట్స్ వాడాలి, అది లోపల గెట్‌యాడర్‌ఇన్ఫోనే పిలుస్తుంది. ఈ ఒక్క కమాండ్ తెలిసి ఉంటే ఆ ఐటీ ఆయనతో వాదన సగంలోనే తేలిపోయేది.

డిఫాల్ట్‌ల సంగతి అలా ఉంచితే, నాకు దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు టీటీఎల్ ఇవ్వకపోవడం. డీఎన్‌ఎస్ జవాబుతో పాటు 'ఇది ఇన్ని సెకన్లు చెల్లుతుంది' అన్న సంఖ్య వస్తుంది. లైబ్రరీ దాన్ని చదివి పక్కన పారేస్తుంది. తేదీ చెరిపేసి పాల ప్యాకెట్ చేతికిచ్చినట్టు ఉంటుంది. అడ్రస్‌ని మనం దాచుకోవాలంటే ఎంతసేపు దాచుకోవాలో గుడ్డిగా నిర్ణయించుకోవాలి. నేను వేరే థ్రెడ్‌లో పేరు వెతికించి, పాత జవాబుని దగ్గర పెట్టుకుని, కొత్తది రాకపోతే పాతదానితోనే ప్రయత్నించేలా పెట్టాను. జీలిబ్‌సీలో గెట్‌యాడర్‌ఇన్ఫో_ఏ అని అసింక్రనస్ రూపం ఉంది, కానీ అది వేరే లైబ్రరీలకి పోర్ట్ కాదు. సీ-ఏరెస్ మంచి లైబ్రరీ, టైమౌట్లు మన చేతిలో ఉంటాయి, టీటీఎల్ కూడా ఇస్తుంది. అయితే ఎన్‌ఎస్‌స్విచ్‌లో కస్టమర్ పెట్టుకున్న మాడ్యూళ్లని అది పిలవదు. పెద్ద సర్వర్‌కి అదే సరైనది, మా బాక్సుకి థ్రెడ్డే చాలు. నోడ్ జేఎస్ వాడేవాళ్లు నవ్వుకోనక్కర్లేదు, అక్కడ కూడా డీఎన్‌ఎస్ లుకప్ ఫంక్షన్ కింద ఉన్నది ఇదే గెట్‌యాడర్‌ఇన్ఫో, డిఫాల్ట్‌గా 4 థ్రెడ్ల పూల్‌లో.

రిజాల్వ్.కాన్ఫ్ మారితే నడుస్తున్న ప్రాసెస్‌కి తెలుస్తుందా? 2017లో వచ్చిన జీలిబ్‌సీ 2.26 నుంచి తెలుస్తుంది. అంతకంటే పాత బాక్సుల్లో మనమే రెస్_ఇనిట్ పిలవాలి. కేబుల్ పీకి డాంగిల్ పెట్టిన తర్వాత కూడా డీమన్ పాత నేమ్‌సర్వర్‌నే అడుగుతూ కూర్చునే జబ్బుకి మందు ఇదే.

లిస్ట్‌లో అడ్రస్‌లు వచ్చే వరుస డీఎన్‌ఎస్ పంపిన వరుస కాదు. ఆర్‌ఎఫ్‌సీ 6724 నియమాల ప్రకారం లైబ్రరీ సర్ది ఇస్తుంది. మొదటి నోడ్‌తోనే సరిపెట్టుకునే కోడ్ చాలా చూశాను. అది తప్పు, చివరిదాకా వెళ్లాలి. అలా వెళ్లినా, ఐపీవీ6 పైకి ఉన్నట్టు కనిపించి లోపల పనిచేయని నెట్‌వర్క్‌లో లైనక్స్ కనెక్ట్ డిఫాల్ట్‌గా రెండు నిమిషాల పైనే వేలాడుతుంది. ఆర్‌ఎఫ్‌సీ 8305 చెప్పే పద్ధతిలో, 250 మిల్లీసెకన్లు చూసి పక్క అడ్రస్ కూడా మొదలుపెట్టేయడమే మంచిది. ఆ కోడ్ మనమే రాసుకోవాలి.

అంకెల అడ్రస్‌ల దగ్గర ఇంకో గమ్మత్తు ఉంది. ఫ్యాక్టరీల్లో ఐపీ అడ్రస్‌ని వరుస కుదరడానికి 192.168.010.005 అని మూడేసి అంకెలుగా రాసే అలవాటు కొందరికి ఉంటుంది. జీలిబ్‌సీ ముందు సున్నా ఉన్న సంఖ్యని ఆక్టల్‌గా (ఎనిమిది ఆధారంగా) చదువుతుంది. కాబట్టి అది 192.168.8.5 అవుతుంది. 089 అని రాస్తే ఆక్టల్‌లో కుదరదు గనక, అదేదో హోస్ట్ పేరనుకుని డీఎన్‌ఎస్‌లో వెతకడానికి వెళ్తుంది. కన్ఫిగ్ ఫైల్‌లోంచి వచ్చిన అడ్రస్‌ని ముందు ఐనెట్_పీటన్‌తో పరీక్షిస్తే చాలు. అది ముందు సున్నాలని ఒప్పుకోదు.

అడ్రస్ నుంచి పేరుకి తిరిగి వెళ్లే గెట్‌నేమ్‌ఇన్ఫో గురించి ఒక్క మాటే. లాగ్‌లో రాయడానికి వాడితే ఎన్ఐ_న్యూమరిక్‌హోస్ట్ ఫ్లాగ్ తప్పనిసరి. లేకపోతే లాగ్‌లో ప్రతి లైనుకీ ఒక రివర్స్ డీఎన్‌ఎస్ ప్రశ్న.

భద్రత రికార్డు గొప్పగా లేదు. 2015 జనవరిలో బయటపడ్డ ఘోస్ట్ లోపం గెట్‌హోస్ట్‌బైనేమ్ దారిలోది, 2000 నాటి జీలిబ్‌సీ 2.2 నుంచీ ఉంది. మనవాడు తక్కువేం తినలేదు. 2016 ఫిబ్రవరిలో గెట్‌యాడర్‌ఇన్ఫోలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో బయటపడింది, దుర్మార్గపు డీఎన్‌ఎస్ జవాబుతో కోడ్ నడిపించగలిగేంతటిది. 2008లో వచ్చిన 2.9 నుంచి ఉన్నదే. అంటే రెండు ప్రశ్నలూ కలిపి పంపే మార్పుతో పాటు వచ్చిందన్నమాట. ఒక్కసారి బిగించి మర్చిపోయే బాక్సులకి ఇలాంటివి టెన్షనే.

ఆల్పైన్ అనే చిన్న లైనక్స్‌లో జీలిబ్‌సీ బదులు ఉండే మజల్ లైబ్రరీలో అదే ఫంక్షన్ పేరు, అదే ప్రోటోటైప్, స్వభావం వేరు. ఎన్‌ఎస్‌స్విచ్ ఉండదు. అన్ని నేమ్‌సర్వర్లనీ ఒకేసారి అడిగి ముందొచ్చిన జవాబు తీసుకుంటుంది. వేగానికి బాగుంటుంది, కానీ ఒకటి ఆఫీసు లోపలి సర్వర్, రెండోది పబ్లిక్ సర్వర్ అయితే, పబ్లిక్ సర్వర్ ముందుగా 'లేదు' అన్నప్పుడు లోపలి పేరు లేనట్టే. పెద్ద జవాబులకి టీసీపీ మీదకి మారడం 2023లో వచ్చిన 1.2.4 దాకా దానికి రాదు. జీలిబ్‌సీతో పరీక్షించి ఆల్పైన్ కంటైనర్‌లో పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. జీలిబ్‌సీని స్టాటిక్‌గా లింక్ చేసి తప్పించుకుందామన్నా కుదరదు. రన్‌టైమ్‌లో అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలని లింకర్ హెచ్చరిస్తుంది, ఆ మాట నిజమే.

ప్రస్తుతం మా బాక్సుల్లో టైమౌట్ 2, అటెంప్ట్స్ 2, సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్ పెట్టి నడుపుతున్నాం. రిజాల్వ్.కాన్ఫ్‌లో రాస్తే నెట్‌వర్క్ సెట్టింగులు తెచ్చే డీహెచ్‌సీపీ క్లయింట్ వచ్చి తిరగరాసేస్తుంది. అందుకని ఇవే ఆప్షన్లని డీమన్‌ని స్టార్ట్ చేసే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో రెస్_ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టాం. జీలిబ్‌సీ దాన్ని గౌరవిస్తుంది, మజల్ చూడను కూడా చూడదు.