సీటీఎల్ఏ-4, పీడీ-1: టి కణానికి ఏ బ్రేకు తీయడం మేలు?

ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తితోనే కేన్సర్‌పై పోరాడించే చికిత్స) గురించి రాసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: రోగాలతో పోరాడే తెల్ల రక్తకణమైన టి కణానికి సీటీఎల్ఏ-4, పీడీ-1 అని రెండు బ్రేకులున్నాయి, రెండింటినీ తీసే మందులూ ఉన్నాయి, మరి ఏది మేలు?

నా దృష్టిలో ఆ బ్రేకు ఎక్కడ పడుతుందన్నదే అసలు సంగతి.

సీటీఎల్ఏ-4 మొదట్లోనే అడ్డుపడుతుంది. లింఫ్ గ్రంథిలో డెండ్రైటిక్ కణం (కాపలా కణం) యాంటిజెన్‌ని, అంటే శత్రువు ఆనవాలుని, చూపించినంత మాత్రాన టి కణం మేల్కోదు. టి కణం మీదుండే సీడీ28 అనే గ్రాహకం ద్వారా రెండో సంకేతం కూడా అందాలి. ఆ సంకేతమిచ్చే, డెండ్రైటిక్ కణం మీదుండే బీ7 అణువుల్ని సీటీఎల్ఏ-4 ఇంకా గట్టిగా పట్టుకుని సీడీ28కి దక్కనివ్వదు. రెగ్యులేటరీ టి కణాలు మిగతావాటిని అదుపు చేయడానికీ ఇది కావాలి. అందుకే దీన్ని తీసేస్తే కేన్సర్‌ని గుర్తుపట్టే కణాలతో పాటు మన సొంత ఒంటి మీద పడేవి కూడా లేస్తాయి. సీటీఎల్ఏ-4 జన్యువు లేని ఎలుకపిల్లలు పుట్టిన మూడు నాలుగు వారాలకే చనిపోతాయని 1995లో తేలింది. నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసిన విషయం ఇదే.

పీడీ-1 పని ఎక్కువగా చివర్లో. అప్పటికే మేల్కొన్న టి కణం కణజాలంలోకి చేరి పోరాడుతుంటే, అక్కడి కణాలు పీడీ-1కి అతుక్కునే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి దాన్ని నెమ్మదింపజేస్తాయి. కేన్సర్ కణాలూ ఇదే చేసి తప్పించుకుంటాయి. పీడీ-1 లేని ఎలుకలకు లూపస్‌లాంటి (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే పడే) జబ్బో, గుండె జబ్బో వస్తుంది కానీ, చాలా ఆలస్యంగా.

మనుషుల్లోనూ ఈ తేడా కనిపించింది. ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ కేన్సర్) రోగుల్లో పదేళ్లకు బతికున్నవాళ్లు, సీటీఎల్ఏ-4ని అడ్డుకునే ఇపిలిముమాబ్‌తో 19 శాతం, పీడీ-1ని అడ్డుకునే నివోలుమాబ్‌తో 37 శాతం. రెండూ కలిపితే 43 శాతం. కాకపోతే కలిపి తీసుకున్నవాళ్లలో సగం మందికి పైగా తీవ్రమైన దుష్ప్రభావాలొచ్చాయి. పెద్దపేగు వాపు, కాలేయం దెబ్బతినడం లాంటివి చిన్న విషయాలు కావు.

ల్యాగ్-3 అని మూడో బ్రేకు కూడా ఉంది. దాని మందుని 2022 నుంచి నివోలుమాబ్‌తో కలిపి మెలనోమాకి ఇస్తున్నారు.

2011లో దారి తెరిచింది ఇపిలిముమాబే, అది మరిచిపోకూడదు. అయినా ఒకటే ఎంచుకోమంటే నేను పీడీ-1 వైపే. మన దేశం నుంచి ఇంకో కారణం ఉంది. ముంబై టాటా మెమోరియల్‌లో ముదిరిన తల, మెడ కేన్సర్ రోగులకు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మాత్రమే, నోటితో మింగే చవకైన మందులతో కలిపి ఇచ్చారు. ఏడాదికి బతికున్నవాళ్లు, ఆ మింగే మందులు మాత్రమే తీసుకున్నవాళ్లలో 16 శాతం, నివోలుమాబ్ కూడా తీసుకున్నవాళ్లలో 43 శాతం. మామూలుగా ఇచ్చే మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఇంజెక్షన్ ఖర్చుకి భయపడి వెనక్కి తగ్గే కుటుంబాలు ఈ మాట ఒకసారి తమ ఆంకాలజిస్టుని అడగాలి.