గ్యాస్ షాపులో రెండు నెలలు: ఐటీఐ వెల్డర్ ట్రేడుపై పాతికేళ్ల తరువాత

నేను 1998 ఆగస్టులో విశాఖపట్నంలోని ఒక ఐటీఐలో వెల్డర్ ట్రేడులో చేరాను. అప్పట్లో దాని పూర్తి పేరు వెల్డర్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్. ఏడాది శిక్షణ, ఏడాది అప్రెంటిస్, ఆ తరువాత ఆటోనగర్ షాపులు, సౌదీలోని జుబైల్, ఖతార్‌లోని రాస్ లఫాన్, మళ్లీ విశాఖలో షట్‌డౌన్ పనులు (ఫ్యాక్టరీని ఆపి చేసే మరమ్మతులు), ఇలా ఆ చదువు మీదనే పాతికేళ్లు బతికాను. అర్హతలు, ఫీజులు, సీట్ల సంగతి ఏ ఐటీఐ నోటీసు బోర్డు చూసినా తెలుస్తుంది. నేను రాయదలచుకున్నది ఆ ఏడాదిలో మేమందరం చిన్నచూపు చూసిన ఒక భాగం గురించి, అంటే గ్యాస్ వెల్డింగ్ గురించి.

మా బ్యాచ్‌ను మొదట గ్యాస్ షాపులోకే, అంటే గ్యాస్ వెల్డింగ్ నేర్పే షెడ్డులోకే పంపారు. పక్క షెడ్డులో మరో బ్యాచ్ పిల్లలు హోల్డర్ పట్టి కరెంటుతో ఆర్క్ కొడుతుంటే, మేము నల్ల ఆక్సిజన్ సిలిండరు, మెరూన్ రంగు ఎసిటిలిన్ సిలిండరు మధ్య నిలబడి, రెండు మిల్లీమీటర్ల రేకు మీద మంటతో గీతలు గీస్తూ ఉండేవాళ్లం. అతుకులోకి కరిగించి కలిపే ఫిల్లర్ రాడ్డును మొదటి మూడు వారాలు ముట్టుకోనివ్వలేదు. మంటను న్యూట్రల్‌కు, అంటే రెండు గ్యాసులూ సమంగా కలిసేలా సరిచేసుకోవాలి, లోపలి తెల్లని మొన రేకుకు తగలకుండా దగ్గరగా ఉంచాలి, కరిగిన ఇనుము గుండ్రని చుక్కలా తయారయ్యేదాకా ఆగాలి, ఆ చుక్కను ఒకే వెడల్పులో చివరిదాకా నడిపించాలి. చుక్క పెద్దదైతే రేకుకు చిల్లు పడేది, చిన్నదైతే గీత మధ్యలో తెగేది. మా మేష్టారు వెనుక నిలబడి, "మంటను చూడకురా, కరిగినదాన్ని చూడు" అని రోజుకు పదిసార్లు అనేవారు. బయట కటింగుకు తప్ప గ్యాస్ ఎవరూ వాడరని సీనియర్లు చెప్పగా విన్నందువల్ల, ఆ రెండు నెలలు వృథా అయ్యాయని నేను నిజంగానే బాధపడ్డాను.

ఆ అభిప్రాయం 2001లో ఒక్క పూటలో మారిపోయింది. గల్ఫ్ పనికి మనుషులను తీసుకునే ఒక ఏజెన్సీ పెట్టిన ట్రేడ్ టెస్టుకు వెళ్లాను. సిక్స్ జీ టెస్టు అన్నారు. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పడానికి వీలుండదు, వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ, పైన, పక్కన, అడుగున అతుకు పూర్తి చేయాలి. అప్రెంటిస్‌లో నేను చేసినదంతా స్ట్రక్చర్ పని (ఇనుప దూలాలు, స్తంభాలు అతకడం), అదీ ఆర్క్ రాడ్డుతో. ఇక్కడేమో అతుకులో అన్నిటికన్నా లోపలి పొర అయిన రూట్‌ను, ఆర్గాన్ వాయువు కాపులో టంగ్‌స్టన్ మొన నుండి వచ్చే ఆర్క్‌తో కరిగించే టిగ్‌తో వేయాలన్నారు. ఐటీఐలో ఉన్న ఒక్క టిగ్ మెషినుకు ఏడాదిలో ఎక్కువ కాలం ఆర్గాన్ లేదు, కనుక ఆ టార్చిని నేను అప్పటికి మూడుసార్లకు మించి పట్టుకోలేదు. భయంతోనే మొదలుపెట్టాను. అయితే పైపు పక్క భాగంలో కరిగిన చుక్క కనబడగానే నా ఎడమచేయి తనంతట తానే కదిలి, ఫిల్లర్ కొసను చుక్క ముందు అంచుకు అందించి వెనక్కి తీసుకోవడం, మళ్లీ అందించడం మొదలుపెట్టింది. ఆ లయ ఎక్కడిదో నాకు ఆ క్షణంలో తట్టలేదు. అడుగు భాగానికి వచ్చేసరికి కథ మారింది. పైపు కింద పడుకుని చేయవలసిన చోట చుక్క బరువుకు కిందికి జారి, లోపలి వైపు రూట్ గుంట పడింది.

టెస్టు తీసుకుంటున్న పెద్దాయన లైటు వేసి పైపు లోపలికి చూసి, దాన్ని పక్కన పెట్టేశారు. ఆ తరువాత, "చెయ్యి కుదిరింది బాబూ, పైపే తెలియలేదు. గ్యాస్ ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగారు. ఫెయిలయ్యానన్న దుఃఖంలో ఉన్నవాణ్ని, ఆ ప్రశ్న విని నిలబడిపోయాను.

ఆర్క్ రాడ్డులో వేడీ లోహమూ ఒకే కొస నుండి వస్తాయి. రాడ్డు కరుగుతూ పొట్టిదవుతుంటే ఒక్క చేయి దాన్ని అనుసరిస్తే చాలు. గ్యాస్‌లోనూ టిగ్‌లోనూ వేడి కుడిచేతిలో, లోహం ఎడమచేతిలో విడివిడిగా ఉంటాయి. ఎంత కరగాలి, ఎప్పుడు ఎంత కలపాలి అన్నది చుక్కను చూసి వెల్డరే నిర్ణయించాలి. గ్యాస్‌లో ఫిల్లర్ కొసను మంట బయటి పొర దాటనివ్వకూడదు, దాటితే వేడి కొసకు గాలి తగిలి పాడవుతుంది. టిగ్‌లో అదే కొసను ఆర్గాన్ పరిధి దాటనివ్వకూడదు, కారణమూ అదే. టంగ్‌స్టన్ చుక్కకు తగలకుండా చూసుకోవడం ఒక్కటే కొత్తగా నేర్చుకోవాలి.

ఆ తరువాత ఆటోనగర్‌లో ఒక పైపు షాపులో నాలుగు నెలలు హెల్పరుగా చేరాను. పగలు గ్రైండింగు, ఫిట్టరుకు సాయం. సాయంత్రం మిగిలిన పైపు ముక్కలను వాలులో బిగించి రూట్ వేసుకోవడం. నాతో పాటు నేర్చుకున్న మరో ఇద్దరు ఆర్క్‌లో నాకన్నా మంచి పనివాళ్లే అయినా, ఎడమచేతిని దారికి తెచ్చుకోవడానికి వాళ్లకు నెలలు పట్టింది. నాకు మూడు వారాలు చాలాయి. మిగిలిన కాలమంతా ఆ అడుగు భాగానికే సరిపోయింది. ఆ ఏడాదే రెండో టెస్టు ప్యాసై జుబైల్ వెళ్లాను.

ఇంత మెచ్చుకున్నాను గాని, గ్యాస్ షాపు నాకు కన్ను ఇచ్చింది, చేతుల పొందిక ఇచ్చింది, అంతవరకే. అక్కడ అంతా బల్ల మీద, రేకు మీద, నిలబడి చేసిన పని. పైపు కింద వెల్లకిలా పడుకుని ఊపిరి బిగపట్టి టార్చి తిప్పడం ఆ ఏడాదిలో ఎవరూ నేర్పలేదు. ఆర్క్ షాపులోనూ లోటు ఉండేది. 7018 అనే రకం ఆర్క్ రాడ్లను ఓవెన్‌లో సుమారు 300 డిగ్రీలకు పైన కాల్చి, వేడి తగ్గకుండా ఉంచుకుని వాడాలని పుస్తకంలో చదివి పరీక్షలో రాశాం, కానీ మా ఓవెన్ పని చేయకపోవడంతో ప్యాకెట్ నుండి నేరుగా వాడాం. తీరప్రాంతపు తేమ పీల్చిన రాడ్డు ఏం చేస్తుందో, అప్రెంటిస్‌లో నా అతుకు ఒకటి ఎక్స్‌రేలో సన్నటి రంధ్రాలతో బయటపడి, దాన్ని పూర్తిగా తవ్వి మళ్లీ వేయవలసి వచ్చినప్పుడే తెలిసింది.

ఉద్యోగాల విషయంలో ఐటీఐ సర్టిఫికెట్టు విలువను కొంచెం జాగ్రత్తగా అంచనా వేయాలి. అప్రెంటిస్‌కూ, రైల్వేలో టెక్నీషియన్ వంటి ప్రభుత్వ పోస్టులకూ అది తప్పనిసరిగా పనికొస్తుంది. సైటులో మాత్రం దాన్ని నా నుండి అడిగినవారు తక్కువ. అక్కడ ప్రతి కాంట్రాక్టరూ తన టెస్టు తానే పెడతాడు, ఎందుకంటే వెల్డరు అర్హతకు బాధ్యత ఆ సంస్థదే. ఏఎస్ఎమ్ఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ ప్రకారం ఒక ప్రాసెస్‌లో, అంటే ఒక వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రాసెస్‌లోని అర్హత రద్దవుతుంది. కాంట్రాక్టు ముగిసి ఇంటికి వచ్చి, తరువాతి పిలుపు కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసిన సంవత్సరం నాకు ఈ నిబంధన బాగా గుర్తుంది. స్ట్రక్చర్ వెల్డరుగా నాకు దొరికిన రోజు కూలికీ, టిగ్ పైపు వెల్డరుగా దొరికినదానికీ దాదాపు రెట్టింపు తేడా ఉండేది. కానీ ఆ రెట్టింపు ఏడాది పొడవునా రాలేదు.

కాబట్టి ఈ కోర్సు మంచిదా అని అడిగితే, నాకు మంచిదైంది అని చెప్పగలను. ఇంట్లో మా అన్న సంపాదన ఉండడం వల్ల ఆ నాలుగు నెలలు దాదాపు జీతం లేకుండా గడపగలిగాను. ఆ ఆసరా లేని నా తోటివాడు ఒకడు, నాకన్నా చక్కటి బీడ్ (అతుకు గీత) వేసేవాడు, గేట్లు గ్రిల్లులు చేసే షాపులోనే ఆగిపోయాడు. ఇప్పుడు నాకు చత్వారం వచ్చింది. హెల్మెట్ లోపల అదనపు అద్దం పెట్టుకుంటే గాని చుక్క అంచు స్పష్టంగా కనబడదు. మోకాళ్లు కూడా నేల మీద ఎక్కువసేపు ఆనడం లేదు. అందుకే ఇప్పుడు ఎక్కువగా కొత్తవారి పని చూసే బాధ్యతలో ఉన్నాను.

మా మేనల్లుడు వచ్చే బ్యాచ్‌లో చేరతానంటున్నాడు. పోయిన వారం ఇద్దరం కలిసి వాడు అనుకుంటున్న ఐటీఐకి వెళ్లి షాపులన్నీ చూశాం. టిగ్ మెషిన్లు రెండు ఉన్నాయి, సిలిండరులో ఆర్గాన్ ఉంది, రాడ్ల ఓవెన్ ముట్టుకుంటే వెచ్చగా ఉంది, గ్యాస్ బల్లల మీద ఇంకా పిల్లలు రేకులు కరిగిస్తున్నారు. పైపు బిగించే స్టాండ్ మాత్రం ఎక్కడా లేదు. ఆ లోటు పూడ్చడానికి ఆటోనగర్‌లో తెలిసిన షాపతనితో మాట్లాడి, వాడికి సాయంత్రాలు చోటిచ్చేలా ఒప్పించాను.