మ్యూనిక్‌లో రెండు రోజులు: గుడ్డ పరవని బల్లల దగ్గర

గుంటూరులో నేను మెస్ పెట్టి ఇరవై రెండేళ్లయింది. గోడ మీద ‘బయటి తినుబండారాలు తేరాదు’ అని బోర్డు ఉంటుంది. అందుకే జూన్‌లో, జర్మనీలోని మ్యూనిక్‌లో ఆ శనివారం సాయంత్రం మా మరదలు పులిహోర బాక్సు, వేయించిన అప్పడాలు సంచీలో సర్దుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. “హోటల్‌కి బాక్సు పట్టుకెళ్తే ఏమీ అనరా అమ్మా?” అన్నాను. “అక్కడ అందరూ ఇంటి నుంచే తెచ్చుకుంటారు బావగారూ. తాగేది మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి” అంది.

మేం వెళ్లింది ఆగుస్టీనర్ కెల్లర్ అనే బీర్ గార్డెన్‌కి. మెయిన్ రైల్వే స్టేషన్ దగ్గర్లోనే, ఆర్నుల్ఫ్ ష్ట్రాసె అనే రోడ్డు మీద ఉంది. లోపల కంకర నేల, పైన చెస్ట్‌నట్ చెట్ల నీడ, కింద వరసగా పొడుగాటి బల్లలు. దాదాపు ఐదు వేల మంది కూర్చోవచ్చు. యాభై మంది ఒకేసారి వస్తే కంగారుపడే నాలాంటివాడికి ఆ తోట చూస్తే గుండె నిండిపోయింది.

వెళ్లేవాళ్లకి ముందు తెలియాల్సింది బల్లల సంగతి. గుడ్డ పరిచిన బల్ల దగ్గరికి సర్వర్ వచ్చి ఆర్డర్ తీసుకుంటాడు, అక్కడ బయటి తిండి కుదరదు. గుడ్డ లేని చెక్క బల్ల దగ్గరైతే మన బాక్సు మనం విప్పుకోవచ్చు, బీరు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి తెచ్చుకోవాలి.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో మా తమ్ముడు చెప్పాడు. వాడు అక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. బీరు కాచేటప్పుడు మంటలు లేస్తున్నాయని 1539లో ఎండాకాలం బీరు కాయడం నిషేధించారట. చలికాలం కాచిన బీరు వేసవి దాకా చెడిపోకుండా నేలమాళిగల్లో దాచేవాళ్లు. మాళిగ చల్లగా ఉండాలని పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వాటి ఆకులు వెడల్పు, వేళ్లు లోతుకి దిగవు కాబట్టి కింది కట్టడాన్ని పాడుచెయ్యవు. ఆ నీడలోనే బల్లలు వేసి బీరు అమ్మడం మొదలుపెడితే ఊళ్లో హోటళ్లవాళ్లు మా బేరాలు పోతున్నాయని గోల చేశారు. 1812లో, మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియా రాజు మాక్సిమిలియన్ మధ్యేమార్గంగా బీరు, రొట్టె అమ్ముకోండి, వంటలు మాత్రం అమ్మొద్దన్నాడు. అప్పటినుంచి జనం తిండి మూట కట్టుకుని రావడం అలవాటైంది. తర్వాత వంటలు అమ్మే హక్కు వచ్చినా ఆ అలవాటు పోలేదు. 1999లో చేసిన బవేరియా నిబంధనల్లోనూ, బీర్ గార్డెన్ అంటే సొంత తిండి తెచ్చుకోగలిగే చోటు అనే రాశారు. వ్యాపారం చేసుకునేవాడిగా ఇది నా మనసుకి బాగా పట్టింది.

మా ఆవిడ శనివారం మాంసం ముట్టదు. ఆవిడకి పులిహోర ఉంది, దానికి తోడు ఒబాట్‌స్డా తెచ్చాం. మెత్తటి కామెంబెర్ చీజ్‌లో వెన్న, ఎర్ర పాప్రికా పొడి, షాజీరా వాసన వచ్చే గింజలు కలిపి, పైన ఉల్లిపాయ చక్రాలు వేసి ఇస్తారు. అరచేయంత వెడల్పున్న బ్రెట్సెల్ ముక్క తుంచి అందులో అద్దుకోవాలి. ఈ ముడుల రొట్టెని వాళ్లు బ్రేజన్ అంటారు. పైన కళ్లుప్పు, బయట కరకర, లోపల దూది. ఉప్పు ఎక్కువైతే గోరుతో గీకేసుకోవచ్చు, పక్కవాళ్లూ అదే చేస్తున్నారు. ఆవిడ తాగింది ఆప్‌ఫెల్‌షోర్లే, అంటే ఆపిల్ రసంలో సోడా.

నేను హాక్సె తెచ్చుకున్నాను. పంది మోకాలి కింది భాగం, గంటల తరబడి కాల్చింది. ఈ వంటకి పరీక్ష పై తోలు దగ్గరే. ముందు రోజు రాత్రి, దిగగానే ఆకలితో టూరిస్టులు తిరిగే వీధిలో ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. అక్కడి హాక్సె మళ్లీ వేడిచేసి పెట్టింది. తోలు రబ్బరులా సాగింది, ఎముక దగ్గర చల్లగా ఉంది. బల్ల మీద బుట్టలో పెట్టిన బ్రేజన్‌లు ఉచితమనుకుని రెండు తింటే బిల్లులో వేశారు. అవి లెక్క ప్రకారం డబ్బులిచ్చేవే, అందులో వాళ్ల తప్పు లేదు. పాచి మాంసం వేడిచేసి తాజా ధర తీసుకోవడమే నాకు బాధేసింది. మా మెస్‌లో మిగిలిన కూర రాత్రికే పంచేస్తాం.

ఇక్కడి తోలు వేరు. కత్తి మొన ఆనించగానే అప్పడం విరిగినట్టు టప్‌మంది. పైన బుడగలు బుడగలుగా పొంగి, బెల్లం పాకం రంగులో ఉంది. కింద మాంసం ఫోర్కుతో లాగితే ఎముక వదిలి వచ్చేసింది. పక్కన డార్క్ బీర్ పోసిన పల్చటి గ్రేవీ, క్నోడెల్ అనే బంగాళదుంప ముద్ద. ఆ ముద్దని విడిగా తిని చప్పగా ఉందనకండి. రాగి సంకటి పులుసులో ముంచుకున్నట్టు గ్రేవీలో ముంచుకుని తినాలి. కారం కావాలనుకునే నాలుక్కి కూడా ఆ ఉప్పూ పొగా కలిసిన రుచి సరిపోయింది, ఊరగాయ అడగలేదు.

బీరు పేరు ఎడెల్‌స్టోఫ్. చెక్క పీపాకి కుళాయి బిగించి వంచుతారు, గ్యాస్ ఎక్కించరు. అందుకే గొంతులో మంట లేకుండా మెత్తగా దిగుతుంది. ఆల్కహాల్ 5.6 శాతం. లీటరు గ్లాసుని మాస్ అంటారు. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లే కాబట్టి ఒక మాస్‌తో ఆగడం మంచిది. ఎండలో తిరిగొచ్చినవాళ్లు రాడ్లర్ అడగండి, సగం బీరు సగం నిమ్మ సోడా. గ్లాసులు తాకించేటప్పుడు ‘ప్రోస్ట్’ అంటూ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, చూడకపోతే మర్యాద కాదు.

బల్లకి అటువైపు డెబ్బై దాటిన జంట కూర్చుంది. ఆవిడ సంచీలోంచి తెల్ల ముల్లంగి తీసి, స్ప్రింగులా చుట్టు చుట్టూ కోసి, ఉప్పు చల్లి పక్కన పెట్టింది. పది నిమిషాలకి ముల్లంగి నీళ్లూరి, ఘాటు తగ్గి మెత్తబడింది. మా వైపు ప్లేటు జరిపింది. మా మరదలు పులిహోర పెట్టిన మూత వాళ్ల వైపు జరిపింది. ఆయన ఇంగువ వాసనకి ఒక్క క్షణం ఆగి, తర్వాత రెండోసారి పెట్టించుకున్నాడు. వేరుశనగ గుళ్లు ఏరుకుని తినడం చూస్తే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. బీరు పోసేచోట ఇలా మూడు తరాలు కలిసి కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

పగటి సంగతి కూడా చెప్పాలి. పొద్దున విక్టువాలియన్ మార్కెట్‌కి వెళ్లాం. 1807 నుంచి అక్కడే ఉన్న బజారు. మధ్యలో చిన్న బీర్ గార్డెన్, మ్యూనిక్‌లోని ఆరు పెద్ద బ్రూవరీల బీరు వంతులవారీగా పోస్తారు. ఆదివారం బజారు మూసేస్తారు కాబట్టి శనివారమే పెట్టుకోండి. వైస్‌వుర్స్ట్ అనే తెల్ల సాసేజ్‌ని అక్కడ చూశాను, తినలేదు. అందులో దూడ మాంసం ఉంటుంది, మా ఇంట్లో తినం. మెనూలో ‘కాల్బ్’ అంటే దూడ, ‘రిండ్’ అంటే గొడ్డు, ‘ష్వైన్’ అంటే పంది, ‘హెండ్ల్’ అంటే కోడి. ఈ నాలుగు మాటలు రాసిపెట్టుకుంటే ప్లేటు ముందు ఇబ్బంది పడరు. పక్కాయన వేడినీళ్ల గిన్నెలోంచి సాసేజ్ తీసి, నిలువునా చీరి, ఫోర్కుతో తోలు ఒలిచి, తియ్యటి ఆవపిండి ముద్దలో అద్దుకుని తిన్నాడు. ఫ్రిజ్‌లు లేని కాలంలో మధ్యాహ్నానికి పాడైపోయేదట, అందుకే అది పన్నెండు గంటల మోత వినకూడదంటారు. నేను ఆ తియ్య ఆవముద్దని బ్రేజన్‌తో తిన్నాను, చాలా బావుంది.

పన్నెండుకి మరియన్‌ప్లాట్స్ అనే కూడలిలో టౌన్ హాల్ గడియారం బొమ్మలు చూశాం. పైన 1568లో జరిగిన బవేరియా ప్రభువు ఐదో విల్‌హెల్మ్ పెళ్లి వేడుక, కింద పీపాలు చేసేవాళ్ల నాట్యం. ప్లేగు తర్వాత భయంతో తలుపులేసుకున్న జనాన్ని వీధుల్లోకి రప్పించడానికి వాళ్లు నాట్యం చేశారని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఏడేళ్లకోసారి మనుషులే వీధుల్లో ఆ నాట్యం చేస్తారు. మధ్యాహ్నం ఆ బొమ్మల్ని చూసి, సాయంత్రం చెక్క పీపాలోంచి బీరు ధార కట్టడం చూస్తే రెండూ ఒక్క కథే అనిపించింది.

ఆ విల్‌హెల్మే 1589లో హోఫ్‌బ్రాయ్‌హౌస్ అనే బ్రూవరీ పెట్టించాడు, ఇప్పుడది బీరు హాలు. ఆదివారం మధ్యాహ్నం అక్కడికెళ్లాం. బ్యాండు మేళం, రంగుల కప్పు, రోజూ వచ్చేవాళ్లు తమ గ్లాసులు తాళం వేసి దాచుకునే ఇనప అరలు, ఇవన్నీ చూడాల్సినవే. ‘ష్టామ్‌టిష్’ అని రాసి ఉన్న బల్ల వాళ్లదే, అక్కడ కూర్చోకండి. మా ఆవిడ ఆ రోజు కేజె ష్పెట్స్‌లె తింది. చేత్తో చేసిన సేమ్యాలాంటి పిండి ముక్కలు, కరిగిన చీజ్, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయ. శాకాహారులకి ఈ వంటకం చాలా చోట్ల దొరుకుతుంది. హాలు మాత్రం చెవులు గింగురుమనేంత గోల. గంట చాలు.

జేబులో నగదు ఉంచుకోండి, కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి. బిల్లు మీద ఐదు నుంచి పది శాతం కలిపి, ఆ మొత్తం చెప్పి ఇవ్వాలి. గ్లాసుకి డిపాజిట్ కట్టించుకుంటే టోకెన్ పారెయ్యకండి. వాన పడితే తోట నడవదు, కాబట్టి రెండు సాయంత్రాలున్నవాళ్లు ఎండ కాసిన మొదటి సాయంత్రమే కెల్లర్‌కి వెళ్లిపోవాలి. బాక్సులో పులిహోర కాస్త ఎక్కువ పెట్టుకోండి, బల్లకి అటువైపు వాళ్లకీ కావాలి.