రాక్షస సినిమాలకు చెరువు గట్టు మార్కులు

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులున్న వాళ్ళకి రాత్రి కాపలా తప్పదు. ఏళ్ళ తరబడి ఆ కాపలాలో నేను చూసినవన్నీ ఒకే కోవవి: సముద్రంలోంచి లేచే బల్లిలాంటి గాడ్జిల్లా, మేడంత కోతి కాంగ్, సొరచేప, కొండచిలువ, పేరు తెలియని పురుగు. కొన్ని హాల్లో చూశాను, కొన్ని ఇంట్లో టీవీ ముందు అందరితో కూర్చుని చూశాను, ఎక్కువ మాత్రం గట్టు మీద షెడ్డులో ఫోన్లోనే. మార్కులు వేయడానికి నాకున్న పద్ధతి ఒక్కటే. ఆ జంతువు తెర మీద లేనంతసేపూ నా చెయ్యి మేత లెక్కల పుస్తకం వైపు పోయిందా లేదా? పోయిందంటే గ్రాఫిక్స్‌కి ఎన్ని కోట్లు పోసినా దండగే. ఎందుకంటే ఏ రాక్షస సినిమాలోనైనా రాక్షసి కనపడేది కాసేపే, మిగతా టైమంతా మనుషులే.

ఈ పరీక్షలో అన్నిటికంటే బాగా నెగ్గింది 2023లో వచ్చిన జపాన్ సినిమా 'గాడ్జిల్లా మైనస్ వన్'. ఓటీటీలోకి వచ్చాక మా బావతో కలిసి చూశాను. ఆయనకీ చెరువులున్నాయి. అందులో ఒక చిన్న చెక్క పడవ మీద నలుగురు మనుషులు రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో వదిలేసిన మైన్లు (తగిలితే పేలే గుండ్లు) ఏరుతుంటారు. గాడ్జిల్లా ఇంకా రాలేదు. ముందు నీళ్ళ మీద చేపలు తేలతాయి. ఎక్కడో అడుగున బతికే చేపలు, లోపలి సంచి నోట్లోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకొస్తే నీటి ఒత్తిడి తగ్గిపోయి లోపలి గాలి ఉబ్బుతుంది, అందుకలా అవుతుంది. పడవ మీదున్న వాళ్ళ కంటే ముందు మా బావ లేచి నిలబడ్డాడు. "ఏరేటర్లు వెయ్యండ్రా బాబూ" అన్నాడు టీవీతో. ఏరేటర్లంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు.

నవ్వులాటకి అన్నా, ముఖంలో నవ్వు లేదు. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. ఏరేటర్లు వేయడం ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాడికి తెలుసు. రాక్షసి గోరు కూడా చూపించకుండా ఇంత భయం పెట్టినందుకు డైరెక్టర్ తకాషి యమజాకికి నేను అక్కడే సగం మార్కులు వేసేశాను.

ఆ తర్వాత గాడ్జిల్లా తల పైకి పెట్టి పడవ వెంట పడుతుంది. పట్టపగలు, ఎండలో. మామూలుగా ఇలాంటి సినిమాల్లో లోపాలు కనపడకుండా రాత్రి, వాన పెట్టేస్తారు. ఇక్కడ దాచిందేమీ లేదు. తల ముందు నీళ్ళు ఎత్తుగా పొంగడం, పక్కలకి చీలడం, ఆ అల పడవ వెనక భాగాన్ని లేపడం అన్నీ ఒకదాని వెంట ఒకటి సరిగ్గా జరుగుతాయి. కాలవ గట్టున పుట్టి పెరిగిన వాళ్ళని నీళ్ళ దగ్గర మోసం చేయడం కష్టం, నేను వంకలు వెతికే రకం కూడాను. ఒక్కటీ దొరకలేదు. 1954లో మొదలైన గాడ్జిల్లాకి మొదటి ఆస్కార్ 2024లో ఈ సినిమాతోనే వచ్చింది, అదీ విజువల్ ఎఫెక్ట్స్‌కి. గాడ్జిల్లా లేని సీన్లలో కూడా మేత పుస్తకం గుర్తుకు రాలేదు. హీరో యుద్ధంలో విమానంతో శత్రువుల ఓడని గుద్ది చావడానికని పంపితే, విమానం పాడైందని అబద్ధం చెప్పి బతికొచ్చిన పైలట్. వాడు ఇంటికొచ్చి ఎలా తలెత్తుకుంటాడన్నదే అసలు కథ. చివర్లో మన సినిమాల్లాగే సెంటిమెంట్ బాగా పిండారు. నాకు అభ్యంతరం లేదు, మా బావకి అసలే లేదు.

దీని తర్వాతి స్థానం కొరియా సినిమా 'ది హోస్ట్'ది. 2006లో బాంగ్ జూన్ హో తీశాడు. సియోల్ నగరంలో హాన్ నది వంతెన కింద ఏదో వేలాడుతుంటుంది. జనం గుమిగూడి చూస్తారు, అది నీళ్ళలో దిగితే తినేవీ తాగేవీ విసురుతారు. కాసేపటికి అది గట్టెక్కి పరుగెత్తుకొస్తుంది. నాకు నచ్చింది ఆ విసరడమే. మన దగ్గర గోదావరి మీది చించినాడ బ్రిడ్జి కింద అలాంటిది వేలాడితే ఎవడైనా పారిపోతాడా? బళ్ళాపి, వీడియో తీసి, బజ్జీ ముక్క విసిరి చూస్తారు. మనుషులు మనుషుల్లా ఉన్నారు కాబట్టే ఆ తర్వాత వచ్చిన గోలంతా నమ్మాను.

అమెరికా వాళ్ళ 'గాడ్జిల్లా వర్సెస్ కాంగ్' (2021) సంగతి వేరు. లాజిక్ వెతికితే మనదే తప్పు. హాంకాంగ్‌లో రంగురంగుల దీపాల మధ్య మేడలు విరగ్గొట్టుకుంటూ రెండూ తన్నుకుంటుంటే హాల్లో ఈలలు పడ్డాయి, నేనూ వేశాను. మూడేళ్ళ తర్వాతి భాగంలో ఆ సరదా తగ్గింది. చాలావరకు భూగర్భంలో జరుగుతుంది, అక్కడ పక్కన ఇల్లు లేదు, కారు లేదు, మనిషి లేడు. కాంగ్ ఎంత ఎత్తున్నాడో దేనితో పోల్చుకోవాలి? మామూలు కోతుల కొట్లాటలా అయిపోయింది. ఇక 2005 నాటి 'కింగ్ కాంగ్' మూడు గంటల పైచిలుకు. ఓడ కాంగ్ ఉండే దీవికి చేరేలోపు నా మేత లెక్కలు వారానివి తేలిపోయాయి.

'అనకొండ' (1997) చెడ్డ సినిమా, కానీ వినోదం మాత్రం నిండుగా ఉంది. చేలో నిజం పాముల మధ్య తిరిగే వాళ్ళకి ఆ రబ్బరు పాము ఏం భయం? మింగిన విలన్‌ని కక్కేస్తే, వాడు బయటపడి కన్ను కొడతాడు! తెలుగు డబ్బింగ్‌లోనే చూడాలి.

సిరీస్‌ల దగ్గర నాకు ఓపిక తక్కువ. గాడ్జిల్లా కథల్లోదే 'మోనార్క్', మొదటి సీజన్ పది ఎపిసోడ్లు. పెద్ద జంతువులు ముఖం చూపించి వెళ్ళిపోతాయి, మిగతాదంతా పాత ఫైళ్ళు, కుటుంబ రహస్యాలు. కర్ట్ రస్సెల్, ఆయన కొడుకు వయాట్ ఒకే పాత్రని ముసలితనంలో ఒకరు, వయసులో ఒకరు వేశారు. వాళ్ళ కోసమే చివరిదాకా లాగాను. 'స్ట్రేంజర్ థింగ్స్' మొదటి సీజన్ (2016) మాత్రం కళ్ళు మూసుకుని చూడొచ్చు. ఒక్కటే రాక్షసి, ఎనిమిదే ఎపిసోడ్లు. తర్వాత రాక్షసులూ, ఎపిసోడ్ల నిడివీ పెరిగేకొద్దీ భయం తగ్గింది, నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ ఒక్కటే రెండు గంటల పైన. నాగిని సీరియళ్ళ గురించి ఏమీ రాయను, ఇది ఇంట్లో వాళ్ళు చదువుతారు.

ఫోన్లో చూసే వాళ్ళకి ఒక మాట. కాంగ్, గాడ్జిల్లా లాంటివి చిన్న తెర మీద సగం చచ్చిపోతాయి. ఫోన్లో కూడా పట్టు వదలనిది సొరచేప సినిమా 'జాస్' ఒక్కటే. షూటింగులో ఉప్పునీటికి యంత్రపు సొరచేప మాటిమాటికీ చెడిపోవడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చూపించడం తగ్గించాడు. దాని ఒంటికి ఈటెతో పసుపు పీపాలు తగిలిస్తే, నీళ్ళ మీద ఆ పీపాలు పరుగెత్తడమే మనకి కనపడేది. వల బెండ్లు మునగడం చూసి చేప ఎంతుందో చెప్పే మా వాళ్ళకి వేరే చూపించక్కర్లేదు. కాపలా కుర్రాడు అది నాతోపాటు చూసి, మర్నాడు వల లాగడానికి చెరువులో దిగనన్నాడు. మంచినీళ్ళ చెరువులో సొర ఎందుకుంటుందిరా అన్నాను.

"ఆయ్, తెలుసండి. అయినా దిగనండి" అన్నాడు.